ఉమ్మి మీద పంచాయితీ

జర దగ్గరికి జరుగుండ్రి బిడ్డా. ఆ టీవీ గొంతు తగ్గియ్యుండ్రి, పొయ్యి మీద పాలుంటే దించి రాండ్రి. ఇయ్యాల్టి ముచ్చట సగం చెవితోటి వినేది కాదు. సగం విని నిండు తీర్పు చెప్పేటోళ్లు సంధ్య చుట్టూ ఇప్పటికే మస్తుమంది ఉన్నరు. మనం గూడ ఆ లెక్కల ఎందుకు పడుడు!

పోయిన వారం యాడ ఆగినమో యాదికి తెచ్చుకుందాం. సూరత్‌ల భేస్తాన్ దిక్కు, కరెంటు సాంచల మీద బట్ట నేసుకుని బతికే మన సిరిసిల్లోళ్ల ఒంటర్ర ఖోలీల వరుస. అండ్ల ఒక ఖోలీ పరమేశ్వర్‌ది. ఆయన పెండ్లాం సంధ్య. సంధ్యకు బీడి తాగే అలవాటు. కడుపుతోటి ఉన్నప్పుడు గూడ తాగింది, మనం దాచేదేం లేదు. గర్భిణులు, బాలింతలు పొగ తాగితే తంబాకు ఇసం ఒంట్లకు ఎంత దిగుతదో కొలిచేటోళ్లు దవాఖాన దిక్కుకెల్లి వచ్చి ఆమె పేరు రాసుకున్నరు. ఏడో నెలల దూది వత్తి నోట్లె పెట్టుకోని ఉమ్మి ఇస్తే నూట ఎనభై ఆరు వచ్చింది. మాఘమాసంల ఆడపిల్ల పుట్టింది, రెండు కిలోలు గూడ తూగలే. ఆ పిల్లను తక్కెడల చూసిన దినమే సంధ్య బీడి ఇడిసిపెట్టింది. అయిదు నెలలైంది. బీడి యాదికొస్తే ఏంచిన చింతగింజ నోట్లె ఏసుకోని చప్పరిస్తుంది.

మరి ఏమైంది? కాన్పు తర్వాత పోయిన ఉమ్మి లెక్క మూడు దినాల కింద పరమేశ్వర్ ఫోన్ల పడ్డది. నాలుగు వందల పన్నెండు! తగ్గాల్సింది రెండింతలు దాటింది. ఆ పొద్దే అత్త బాలవ్వ పిల్లను గుంజుకున్నది. "ఇసం పాలు నా మనుమరాలికి వద్దు" అని డబ్బా పాలు కలిపింది. మూడు దినాల సంది సంధ్యకు పాలు చేపుతున్నయి, రొమ్ములు రాళ్లయినయి, పిల్ల ఏడుపు వినవడుతుంది, పిల్ల మాత్రం చేతికి రాదు. ఇంటి ముచ్చట సంఘం పెద్దల దాక పోయింది. పంచాయితి కూసున్నది.

ఇగ చూడుండ్రి ఆ పంచాయితి సొగసు. కార్ఖానకు సెలవు దినం, బయట ముసురు. ఖోలీ ముందటి రేకుల పంచల కుర్చీలు ఏసిన్రు. పెద్ద కుర్చీల లక్ష్మీరాజం కూసున్నడు. ఈయన ఎవరంటే, ఇక్కడి మనోళ్ల సంఘానికి అధ్యక్షుడు. ఎవరు ఎన్నుకున్నరని అడిగితే ఎవరికీ ఎరికలేదు. ముప్పై ఏండ్ల కింద అందరికన్న ముందుగాల సూరత్‌ల రైలు దిగిండు. అంతే. ముందు దిగినోడు పెద్దమనిషైండు, ఎనక దిగినోళ్లు తలకాయ ఊపేటోళ్లయిన్రు.

ఆయన ఎడమ బుగ్గల పొద్దుందాక మావా ఉంటది. వక్క, సున్నం, తంబాకు అరచేతుల నలిపి పెట్టుకునేది. అది పెదవుల మీద కారకుండ మాట్లాడాలంటే మొఖం పైకెత్తాలె. అందుకే లక్ష్మీరాజం ఎవరికి బుద్ధి చెప్పినా రేకులకు చెప్పినట్టే ఉంటది. మాస్కు గడ్డం కింద ఏలాడుతుంటది, చిక్కం జారిన ఎద్దు లెక్క.

పక్కకు ఇద్దరు పెద్దలు. ఒకాయన పంచాయితి మొదలువెట్టేముందు శాస్త్రం లెక్క బీడి అంటువెట్టిండు. ఆ పొగ నిమ్మళంగ పోయి బాలవ్వ ఒళ్లె ఉన్న పిల్ల మొఖం మీద వాలింది. ఎవరూ చూడలే. గడప కింద కూసున్న సంధ్య చూసింది. పరమేశ్వర్ గోడకు ఆనుకోని, ఫోన్‌ను చేతుల గెలిచిన కప్పు లెక్క పట్టుకోని నిలవడ్డడు. ఈ మహానుభావుడు సుత దినానికి ఒక కట్ట బీడీలు ఊదుతడు. పోయినేడు లాక్‌డౌన్‌ల సాంచలు బందైతే, ఒక్కటే అర్ర ఉన్న ఖోలీల, పుట్టెడు వేవిళ్లతోటి ఉన్న పెండ్లాం పక్కన కూసుండి ఊదిండు. ఆయన ఉమ్మి ఎవరూ కొలువలే. మొగోని ఉమ్మికి లెక్కలుండయి.

"ఏం పోరీ," అన్నడు లక్ష్మీరాజం రేకుల దిక్కు చూసుకుంట. "ఈ హిసాబ్ నీదేనా?"

"నా పేరు మీద వచ్చింది పెద్దబాపూ."

"నీ పేరు మీద వచ్చి నీది కాకపోతే ఎవరిది? మీ అత్తదా?"

ఇగ చూడు నవ్వులు! పెద్దలు నవ్విన్రు, పరమేశ్వర్ నవ్విండు, గోడవతలికెల్లి తలకాయలు పెట్టి చూసేటోళ్లు నవ్విన్రు. నవ్వనిది ఇద్దరే. ఒకరు సంధ్య, ఇంకొకరు బాలవ్వ.

ఎందుకంటే బిడ్డా, ఆ ఉమ్మి నిజంగనే బాలవ్వది.

ఎట్లనంటరా? చెప్త. రెండో అల కరోనా ఊరంత ఊడుస్తున్న వైశాఖమది. అంబులెన్స్ కూత ఆగని దినాలు. లెక్కలు రాసేటోళ్లు గడప తొక్కకుండ అయిన్రు. అంతకుముందు వాళ్లు ఒక ఊపిరి మిషన్ సుత తెచ్చేది, గొట్టంల ఊదుమనేది. ఇంకొకరి ముంగట నోరు తెరిచి ఊదుడంటే అప్పుడు పాము బుస కన్న ఎక్కువ భయం, గావట్టి దాన్ని బంద్ వెట్టిన్రు. పొద్దుగాల తలుపుకు ఒక సంచి తగిలిచ్చి పోయేది. అండ్ల దూది వత్తి, చిన్న ప్లాస్టిక్ బుడ్డి. వత్తిని రెండు నిమిషాలు నోట్లె నానవెట్టి, బుడ్డిల ఏసి, మళ్ల తలుపుకే తగిలియ్యాలె. సాయంత్రం వచ్చి పట్టుకపోయేది. ఎవరి నోట్లె నానిందో చూసేటోడు లేడు.

సంధ్య వత్తి తీసింది. బాలవ్వ చెయ్యి పట్టుకున్నది.

"ఒక్కపారి పరువు తీసినవు, చాలలేదా? ఇడిసిన్నంటవు, ఇడిసినవో లేదో నీకూ ఆ దేవునికే ఎరుక. ఇటు తే. నేను పుట్టి బుద్ధెరిగినంక బీడి ముట్టలే. శనివారం శనివారం ఒక్కపొద్దుంట. నా నోరు తులసికోట లెక్క."

అని వత్తి నోట్లె ఏసుకోని, తీర్థం చప్పరించినట్టు చప్పరించింది. సంధ్య ఊకున్నది. చంకల మూడు నెలల పిల్ల, తల మీద వంద పనులు. తన నోరు సాపే, అత్త నోరు సాపే, ఏ సాపు పోతే ఏమైంది అనుకున్నది. అనుకునుడే తప్పు. తన కష్టానికి తన చేత్తోటే వేరేటోళ్ల పేరు రాసిచ్చింది పిచ్చిపిల్ల.

ఇప్పుడు నాలుగు వందల పన్నెండు వచ్చేసరికి ఆమెకు బుర్ర తిరిగింది. పుట్టినకాడికెల్లి బీడి ముట్టని అత్త ఉమ్మిల గంత ఇసం ఎట్లొచ్చె? మిషనే తప్పు చెప్పిందా? ఉమ్మి నాది కాదు, అత్తది అని చెప్తే ఎవరు నమ్మాలె? 'దొంగ ఉమ్మి ఇచ్చి, మళ్ల పెద్దమనిషి మీద ఏస్తున్నవా' అంటరు. మూడు దినాలు నోరు కుట్టుకున్నది.

బాలవ్వకు సుత ఎరికే. ఎరికుండి పిల్లను గుంజుకున్నది. ఆ లెక్క చూసి ఆమె ఏమనుకున్నదంటే, కోడలు ఏండ్ల సంది ఊదిన పొగనే తనను అంటుకున్నదని. తప్పు తన ఒంట్ల దొరికినా కారణం కోడలే! గిసుంటి తెలివి బడిల చెప్పరు బిడ్డా, పుట్టుకతోటి రావాలె.

"ఇగ సాగదీసుడెందుకు?" అన్నడు లక్ష్మీరాజం. "రేపు సిరిసిల్ల బస్సుల ఈ పిల్లను తోలుండ్రి. అమ్మగారింట్ల ఉంటది. పాప ఇక్కడ్నే ఉంటది. పొగ తాగే ఆడదాని ఒళ్లె మన కులం పిల్ల పెరుగొద్దు."

పక్క ఖోలీ లలితమ్మ ఊకోలేదు. నోటికి జర జోరు ఎక్కువ ఆమెకు. "రాజమన్నా, పాలు తాగే పిల్ల అది. తల్లిని తోలి పాలు యాడికెల్లి తెస్తవు?"

"సూరత్‌ల బర్రెలకు కరువా?"

"బర్రెలకేం కరువు, కుర్చీకొకటి ఉన్నది," అన్నది లలితమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకోని. కొందరు ఇన్నరు, కొందరు ఇననట్టు జేసిన్రు.

అప్పుడే ముసుర్ల స్కూటీ ఆగింది. రెయిన్‌కోటు, దాని మీద మాస్కు, మాస్కు మీద అద్దం. దిగింది మనోజ్ఞ. హజీరా దిక్కు పెద్ద కంపెనీల ఇంజనీరు చేసే ఆంధ్రాయన బిడ్డ, ఉమ్మి లెక్కలు రాసేది ఈ పిల్లనే. కొత్త సంచి తగిలిచ్చి పోదామని వచ్చింది. వచ్చి చూస్తే పంచనిండ జనం, పరమేశ్వర్ చేతుల తను పంపిన సందేశం.

"అది నేను సంధ్య గారికి పంపించింది కదండీ? మీ దగ్గరికి ఎలా వచ్చింది?"

"ఫోన్ నాది మేడం. ఆడదానికి ఫోనెందుకు?"

మనోజ్ఞ రెక్క విరిగిన పిట్ట లెక్క అయింది. "సంధ్య గారు ఈ నంబరే ఇచ్చారు. ఆవిడదే అనుకున్నాను, అడగాల్సింది. ఈ లెక్క ఆవిడకి తప్ప ఇంట్లో ఇంకెవరికీ తెలియకూడదండీ. తప్పు నాదే."

ఆ పంచల పొద్దున్నుంచి 'తప్పు నాది' అన్న నోరు అదొక్కటే. పెద్దలు ఆమెను ఇంకేదో భాష మాట్లాడినట్టు చూసిన్రు.

లక్ష్మీరాజం సదిరించుకున్నడు. "తప్పేంది మేడం, మంచిపనే చేసిన్రు. మీ మిషన్ చెప్పకపోతే ఈమె పొగ తాగుడు మాకు ఎరుకయితుండెనా?"

"మా పరీక్ష పొగ గురించి చెప్పదండీ. పొగాకు గురించి చెప్తుంది. కాల్చినా, నమిలినా, చిగుళ్లకి రాసుకున్నా దానికి ఒకటే. ఊపిరి మిషన్ ఉంటే పొగో కాదో తేలేది. కరోనా రెండో అల వచ్చాక అది ఆపేశాం."

చిగుళ్లకు రాసుకున్నా.

ఆ మాట సంధ్య చెవుల పడ్డది. కండ్ల ముంగట ఒక రేకు డబ్బి ఆడింది. బాలవ్వ బొడ్ల సంచిల ఉండేది. బజర్. గోధుమరంగు పొడి. సూరత్ వచ్చిన కొత్తల గుజరాతి ఆడోళ్లు నేర్పిన్రు, పండ్ల పొడి అన్నరు. పొద్దుగాల ఒక చిటికె, బువ్వ తిన్నంక ఒక చిటికె. తర్వాత తర్వాత చాయ్‌కు ముందొకటి, చాయ్ తర్వాత ఒకటి. కరోనా వచ్చి లోకమంత మూతిగుడ్డ కింద ఊపిరాడక సస్తుంటే, బాలవ్వకు ఒక్కదానికే సుఖం చిక్కింది. గుడ్డ కింద చిగుళ్ల మీద ఏమున్నదో చూసేటోడు లేడు. బీడి కాదు, అగ్గి లేదు, పొగ లేదు. పండ్ల పొడి. ఇంత కాలం సంధ్య సుత దాన్ని పండ్ల పొడి అనే అనుకున్నది.

మూడు దినాల్ల మొదటిపారి సంధ్యకు నవ్వొచ్చింది. ఆపుకోలేదు.

"మేడం, బజర్ రాసుకుంటే సుత లెక్కకొస్తదా?"

"బజర్ అంటే పొగాకు పొడేనండీ. మాటిమాటికీ పెట్టుకుంటే బీడీ కంటే ఎక్కువే చూపించొచ్చు."

"అయితే మేడం, నాలుగు వందల పన్నెండు కింద పేరు దిద్దుకోండ్రి. అది మా అత్తమ్మది. వైశాఖంల ఆ వత్తి నానింది ఆమె నోట్లె."

పంచ పంచంత ఒక్కపారి లేచింది. "ఓ నీ నోట్లె మన్నువడ!" బాలవ్వ అరుపుకు ఒళ్లె పిల్ల ఉలిక్కిపడ్డది. "నా నెత్తి మీద ఏస్తున్నవా? నేను బీడి ముట్టంగ చూసినోళ్లు ఉంటే రాండ్రి, ఎవడన్న రాండ్రి!"

"బీడి అనలే అత్తమ్మా. బజర్ అన్న."

"అది పండ్ల పొడి!"

అన్నంక తెలిసింది ఆమెకు, ఏమన్నదో. నోరు మూసుకున్నది గని, మాట అప్పటికే గడప దాటింది.

పరమేశ్వర్‌కు రోషమొచ్చింది. తల్లి మీద ఈగ వాలనియ్యడు, పెండ్లాం మీద గద్ద వాలినా చూస్తడు. "మేడం, మా అవ్వది సుత తీయుండ్రి. ఇప్పుడే. సాపయితది."

మనోజ్ఞ వద్దని చూసింది. ఇట్ల బజార్ల పెట్టి తీయొద్దన్నది. ఎవరు ఇన్నరు? సందు దొరికిందని పది నోర్లు లేచినయి. ఆఖరికి ఆమె, "ముందు నోరు బాగా పుక్కిలించాలి, పది నిమిషాలు ఆగాలి, అప్పుడే" అని తప్పించుకుందామనుకున్నది. ఆ మాట అనుడే ఆలస్యం, లలితమ్మ చెంబుతోటి నీళ్లు పట్టుకొచ్చింది. గంత తొందరగ ఆమె బిడ్డ పెండ్లిల సుత నడువలే.

"నాకెందుకే?" అన్నది బాలవ్వ.

"పుక్కిలియ్యి అవ్వా," అన్నడు కొడుకు ధీమాగ. "వీళ్ల నోర్లు మూతపడాలె."

పిల్లను లలితమ్మ చంకకిచ్చి, బాలవ్వ మూతిగుడ్డ దించింది. ఏడాదిన్నర సంది ఎండకు చూపియ్యని నోరు. ఒక పుక్కిలి తీసి పంచ అంచుల ఊంచింది.

సాంచ కిందికెల్లి కారే పాత నూనె చూసిన్రా మీరు? అట్లున్నది. రెండోది గట్లనే. మూడోది జర పలచన. ఆ గోధుమరంగు నీళ్లు వాన నీళ్లల్ల కలిసి, వాలు చూసుకోని, నేరుగ లక్ష్మీరాజం చెప్పుల దిక్కు పోయినయి. పెద్దమనిషి రెండు కాళ్లు కుర్చీ మీదికి ఎత్తుకున్నడు.

పరమేశ్వర్ ఫోన్ దిక్కు చూసిండు, తల్లి దిక్కు చూసిండు, మళ్ల ఫోన్ దిక్కు చూసిండు. అండ్ల ఇంకో తల్లి దొరుకుతదేమో అన్నట్టు.

లక్ష్మీరాజం ఊకె పెద్దమనిషి కాలేదు. క్షణంల తోవ దొరికించుకున్నడు. "బజర్ వేరు, పొగ వేరు. వయసు మీద పడ్డోళ్లు పండ్ల నొప్పికి పెడుతుంటరు. అండ్ల తప్పేమున్నది?"

అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ! మనోళ్లు ఊకె అనలేదు ఆ మాట.

సంధ్య లేచి నిలవడ్డది. రైక ముందట పాలతోటి తడిసింది. కొంగు కప్పుకోలే.

"పండ్ల నొప్పికేనా పెద్దబాపూ? నాకు సుత నన్ను కన్న అవ్వ బీడి పెట్టింది పండ్ల నొప్పికే. పదమూడేండ్లప్పుడు. అవ్వ బీడీలు చేసేది. చాటల తునికాకు, ఒళ్లె తంబాకు. దవడ పన్ను లేసి మూడు పొద్దులు బువ్వ తినకుంటే, ఒక బీడి అంటువెట్టి, పొగ పన్ను మీద పట్టుమన్నది. దవాఖానకు పోయే తాహతు లేదు. నొప్పి పోయింది, పొగ ఉండిపోయింది. అదే నొప్పి అత్తకొస్తే మందు, కోడలికొస్తే కులం తక్కువ. గిదేం హిసాబ్?"

"నోరు మస్తు లేస్తుంది," అన్నడు పరమేశ్వర్.

"లేస్తది. మూడు దినాల సంది మూసుకున్న నోరిది." ఆమె మొగని దిక్కు చూడనే లేదు. "తప్పు చేసిన. కడుపుల పిల్ల ఉండంగ తాగిన. దాని బరువు తక్కెడల చూసిన్నాడు నా గుండె ఆగింది. అది నా మెడల ఉన్న బండ, మీరు కొత్తగ కట్టేదేం లేదు. అయితే నేను ఇడిసిన. ఈడ కూసున్న మొగోళ్లల్ల ఇడిసినోడు ఒక్కడున్నడా? పిల్ల మొఖం మీద పొగ ఇడుసుకుంట పిల్ల పానం గురించి తీర్పు చెప్తున్నరు, సిగ్గు లేదా? మేడం, మీ సంచిల ఎన్ని వత్తులున్నయి? ఈ పెద్దమనుషుల నోర్లల్ల సుత ఒక్కొక్కటి పెట్టుండ్రి. ఎవరి ఉమ్మి ఎంత పెద్దదో చూద్దాం."

లక్ష్మీరాజం మొఖం దించిండు. రేకుల దిక్కు ఉండాల్సిన మొఖం కిందికి దిగేసరికి బుగ్గల ఉన్న మావా రసం గొంతులకు దిగింది. దగ్గు వట్టుకున్నది. ఏం దగ్గు! కరోనా దినాల్ల దగ్గంటే తెలుసు గదా. పక్కన కూసున్న ఇద్దరు పెద్దలు కుర్చీలు ఇడిసి ముసుర్లకు ఉరికిన్రు. పొద్దున్నుంచి ఆయన మాటకు తలకాయ ఊపినోళ్లే, ఆయన దగ్గుకు ఆరడుగులు దూరం జరిగిన్రు. లలితమ్మ నవ్వాపుకోలేక గోడ పట్టుకున్నది.

దగ్గు ఆగినంక ఆయన కండ్లు ఎర్రగైనయి. నవ్వులపాలైన పెద్దమనిషి తేలు కన్న చెడ్డ, బిడ్డా.

"సరే పోరీ. ఇడిసిన్నన్నవు గదా? వైశాఖంది మీ అత్తది, సరే. ఇయ్యాల్టిది నువ్వియ్యి, అందరి ముంగట. సాపొస్తే పిల్ల నీది, ఎవడు అడుగడు. రాకపోతే?"

"ఎంతొస్తే సాపు మేడం?" అనడిగింది సంధ్య.

"పది లోపు ఉంటే పొగాకు వాడట్లేదని అర్థం. కానీ ఇది పందెం కాదండీ!" మనోజ్ఞ గొంతు లేచింది. "పిల్లని తల్లి నుంచి తీయడానికి కాదు మేం కొలిచేది. ఆవిడ బీడీ తాగుతున్నా సరే, తల్లిపాలు మాన్పించకూడదు. మా డాక్టర్లు మొదటి రోజే చెప్పారు."

"మీ పని దూది మేడం," అన్నడు లక్ష్మీరాజం. "తీర్పు మా పని."

"ఇయ్యుండ్రి మేడం," అన్నది సంధ్య. గెలిచిన ఊపు మీదున్నది. అయిదు నెలల ఓర్పు వెన్నెముక లెక్క నిలవెట్టింది ఆమెను. "పది దాటితే పిల్లను నేనే అత్తమ్మ ఒళ్లె పెట్టి బస్సెక్కుత. అందరు ఇనుండ్రి."

"ఇన్నరు గదా?" అన్నడు పరమేశ్వర్. ఎంత ఉషారు ఆ గొంతుల!

సంధ్య నోరు పుక్కిలించింది. నీళ్లు నీళ్ల లెక్కనే పడ్డయి. పది నిమిషాలు ఆగిన్రు. మనోజ్ఞ చేతులకు తొడుగులు ఏసుకోని కాగితం తీసింది. దగ్గరికొచ్చి, అద్దం ఎనకకెల్లి, సంధ్యకు ఒక్కదానికే వినవడేటట్టు అడిగింది.

"ఇది రూలు ప్రకారం అడగాలి. ఈ మూడు నాలుగు రోజుల్లో ఎప్పుడైనా...? ఎందుకంటే ఇది ఇవాళ్టి నోటినే కాదు, మూడు నాలుగు రోజులు వెనక్కి కూడా చూస్తుంది."

వత్తి పట్టుకున్న సంధ్య చెయ్యి గాల్లె ఆగింది.

నిన్న.

నిన్న పగటాల్ల, కింద ఖోలీల పిల్ల ఏడ్చి ఏడ్చి గొంతు వోయింది. తలుపుకు లోపటికెల్లి గొళ్లెం. సంధ్య మిద్దె మీదికి పోయి నీళ్ల ట్యాంకు చాటుకు కూసున్నది. రొమ్ముల్ల పోటు, చెవుల్ల ఏడుపు. చింతగింజ నోట్లె ఏసుకుంటే రాయి చప్పరించినట్టయింది. పరమేశ్వర్ అంగి తీగె మీద ఆరేసున్నది, జేబుల కట్ట ఉన్నది. ఒకటి ముట్టిచ్చింది. అది అయిపోకముందే ఇంకొకటి. నాలుగు తాగింది. నాలుగోది తాగుకుంట ఏడ్చింది. అయిదు నెలలు ఒక్కొక్క దినం కూడవెట్టుకున్నది ఒక్క పగటాల్ల ఊదేసుకున్నది. పొద్దుగాల లేచి, అది తనకే జరుగనట్టు నోరు కడుక్కున్నది.

ఇంకోటి సుత ఉన్నది. తల తిప్పి చూస్తే, పిల్లను పండవెట్టి వచ్చి, మెట్ల మీద తడిబట్టల బకెట్ పట్టుకోని బాలవ్వ నిలవడ్డది. అత్త కోడలిని చూసింది. కోడలు అత్తను చూసింది. బాలవ్వ ఒక్క బట్ట ఆరెయ్యకుండ బకెట్‌తోటే మళ్ల కిందికి దిగింది.

ఈ పంచల పొద్దున్నుంచి బాలవ్వ ఏడు తరాలు తవ్వి తిట్టింది. సంధ్యను కన్న అవ్వను తిట్టింది, అమ్మగారి ఊరిని తిట్టింది. నిన్నటి ముచ్చట మాత్రం ఎత్తలే. బజర్ బయటపడ్డప్పుడు సుత ఎత్తలే. ఎందుకు ఎత్తలేదో సంధ్యకు సమజ్ కాలే.

ఇప్పుడు వత్తి నోట్లె పెట్టుకుంటే బస్సు. పెట్టుకోనంటే, ఒప్పుకున్నట్టే, అయినా బస్సే. మాట తనదే, అందరు ఇన్నరు.

"ఏమైంది? పట్టిందా చెయ్యి?" అన్నడు లక్ష్మీరాజం. నవ్వు మళ్ల రేకుల దిక్కు లేచింది.

లలితమ్మ చంకల పిల్ల లేచి ఏడ్చింది. బాలవ్వ చెయ్యి చాపి పిల్లను తీసుకున్నది. సంధ్య రైక మళ్ల తడిసింది. ఆమె కండ్లు మూసుకోని నోరు తెరిచింది. తెల్లటి దూది కింది పెదవికి తాకింది.

"ఆగు!"

ఆ గొంతు బాలవ్వది. మూతిగుడ్డ ఇంక గొంతు కాడనే ఉన్నది, పెదవి అంచున గోధుమరంగు చార ఆరలే. పిల్లను ఎదకు ఒత్తుకోని, మోకాలు పట్టుకోని లేచి నిలవడ్డది.

"ఏందే ముసలిదానా, మళ్ల?" అన్నడు లక్ష్మీరాజం.

బాలవ్వ ఆయనను చూడలే, కొడుకును చూడలే. కోడలి కండ్లల్లకే చూసింది.

"రాజం, ఆ దూది దాని నోట్లె పెట్టకముందు నేను ఒక మాట చెప్పాలె. నిన్న పగటాల్ల, మిద్దె మీద..."

మిగిలింది వచ్చే వారం చెప్త, ఈడిదాక మతిల పెట్టుకోండ్రి బిడ్డా. అక్షరం రాని పక్కింటోళ్లు ఉంటరు, కండ్లు కనవడని ముసలోళ్లు ఉంటరు, వాళ్ల కాడ కూసుండి చెప్పుండ్రి. చెప్పేటప్పుడు సంధ్య మంచిదని నాలుగు బీడీలు మింగకుండ్రి, ఉన్నదున్నట్టు చెప్పుండ్రి. బాలవ్వ చెడ్డదని ఆమె లేచి నిలవడ్డది సుత మింగకుండ్రి.